మగ వార్డుకీ ఆడ వార్డుకీ మధ్య టీవీ గది

షెఫీల్డ్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, చివర్లో బెడ్ మేనేజర్నయ్యాను. ఆ మాట వినగానే మనవాళ్ళలో సగంమంది నేను మంచాల షాపులో చేరాననుకున్నారు. వెంబ్లీలో ఒక పెళ్ళికి వెళ్తే ఒకాయన నన్ను పక్కకు పిలిచి, నడుంనొప్పికి ఏ పరుపు మంచిదో చెప్పి, స్టాఫ్ డిస్కౌంటులో ఇప్పించమని అడిగాడు. నేను కూడా ఆయన్ని నిరాశపరచడం ఎందుకని, కాస్త గట్టిగా ఉన్నది కొనుక్కోమన్నాను.

ఇప్పుడు రిటైరై హారోలో మా అమ్మాయి ఇంటి దగ్గర ఉంటున్నాను. మాస్టర్స్ చదువుకుంటూ ఆసుపత్రుల్లో పార్ట్‌టైం చేసే మీలాంటి పిల్లలు ఆదివారం టీకి వచ్చినప్పుడు, ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేనిదేంటి అని అడుగుతుంటారు. మీరు ఆశించేది పెద్ద యాక్సిడెంటో, ఆగిపోయిన గుండె మళ్ళీ కొట్టుకున్న కథో. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక టీవీ గది. పేర్లు చెప్పను, అడక్కండి.

బెడ్ మేనేజరు పని పైకి చాలా సులువు. ఎమర్జెన్సీలో పేషెంట్లుంటారు, పైన వార్డుల్లో మంచాలుంటాయి, వీళ్ళని తీసుకెళ్ళి వాటిమీద పెట్టాలి. చిక్కల్లా ఏమిటంటే మగవాళ్ళ వైపు మగవాళ్ళే ఉండాలి, ఆడవాళ్ళ వైపు ఆడవాళ్ళే ఉండాలి. కలిపితే పైకి రిపోర్టు వెళ్తుంది, వెంటనే నర్సులందరి మీదా పెద్ద అయిన మాట్రన్ దగ్గర్నుంచి ఫోనొస్తుంది. మా మాట్రన్ గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. "ఇదెలా జరిగిందో నాకు అర్థమయ్యేట్టు చెప్పగలరా?" అని మర్యాదగా అడిగేది. ఆవిడ తిట్టినా అంత భయం వేసేది కాదు.

ఆ చలికాలం ఫ్లూ విపరీతంగా ఉంది. విడిగా ఉండే సింగిల్ గదులన్నీ ఫ్లూ వాళ్ళతో నిండిపోయాయి. ఒక మధ్యాహ్నం ఎమర్జెన్సీ నుంచి సిస్టరు ఫోన్ చేసింది. గాల్ బ్లాడర్ వాచిపోయిన పేషెంట్, మర్నాడు ఆపరేషన్ చేయాలి, సర్జికల్ వార్డులో మంచం లేకపోతే లిస్టులోంచి తీసేస్తారు. కంప్యూటర్లో చూస్తే మగ అని ఉంది. మగవాళ్ళ వైపు ఒక మంచం ఖాళీగా ఉంది, ఆడవాళ్ళ వైపు కూడా ఒకటుంది. ఇంత అదృష్టం ఆ నెలలో నేను చూడలేదు. పంపించెయ్ అన్నాను. అది అంత సింపుల్ కాదు, నువ్వే కిందికి రా అంది.

వెళ్ళాను. ఆ పేషెంటు పుట్టుకతోనే పూర్తిగా మగా కాదు, పూర్తిగా ఆడా కాదు. కాగితాల్లో మగ అని రాయించింది వాళ్ళ నాన్న. ఇదివరకొకసారి మగవాళ్ళ వార్డులో పడుకుంటే, స్నానం చేయించేటప్పుడు కర్టెన్ అవతల ఎవరో వెకిలిగా మాట్లాడారట. ఆడవాళ్ళ వైపు పడుకుంటే వాళ్ళకి ఇబ్బంది. అందుకని సింగిల్ గది అడిగారు. కాస్త ఖాళీ అయ్యేదాకా ఈ కారిడార్లో స్ట్రెచర్ మీదే ఉంటానని కూడా మర్యాదగా అన్నారట. కానీ వాచిన గాల్ బ్లాడర్ మనకోసం ఆగదు కదా.

స్ట్రెచర్‌కి నాలుగడుగుల దూరంలో నిలబడి వార్డు సిస్టరుకి ఫోన్ చేశాను. ఇక్కడొక డిఫికల్ట్ కేసుంది, ఏం చేద్దామని అడిగాను. ఆమె దగ్గర గది లేదంది. ఫోన్ పెట్టేసి, అలవాటు కొద్దీ, "ఇదెక్కడి కర్మరా నాయనా" అని తెలుగులో గొణుక్కున్నాను.

స్ట్రెచర్ మీంచి నవ్వు వినిపించింది.

"యా ఊరమ్మా మీది? కర్నూలా?"

నెరిసిన క్రాపు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, నొప్పితో పాలిపోయిన మొహం, అయినా నవ్వుతున్న కళ్ళు. వాళ్ళది ఆదోని. తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. ఇక్కడి స్కూళ్ళలో జీవితమంతా లెక్కలు చెప్పి, రిటైరయ్యాక అరబ్బీ నేర్చుకుని, పాత ఇస్లామిక్ ధర్మశాస్త్రాల మీద యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నారు.

ఇక్కడో మాట. ఇంగ్లీషులో మా సిస్టర్లు హీ అనాలా షీ అనాలా అని తడబడుతుంటే నాకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. మన భాషలో వాడు వచ్చాడు, ఆమె వచ్చింది అనాలంటే ఏదో ఒకటి తేల్చుకోవాలి. కాస్త మర్యాదిస్తే చాలు, ఎవరొచ్చినా 'వచ్చారు' అంటాం. 'గారు'కి ఆడా మగా లేదు. నేను టీచరు గారూ అని పిలిచాను, అదే ఖాయమైపోయింది.

డిఫికల్ట్ అన్నందుకు సారీ చెప్పబోతే టీచరు గారు చెయ్యడ్డం పెట్టారు.

"మా పాత పుస్తకాల్లో నా పేరే అది. ఖున్సా ముష్కిల్ అంటారు. ఖున్సా అంటే నాలాంటి మనిషి. ముష్కిల్ అంటే తెలుసు గదా, కష్టం. కానీ ఆ కష్టం నాది కాదమ్మా, వాళ్ళది. ఎటూ తేల్చుకోలేక తలలు పట్టుకున్నది వాళ్ళు."

వెయ్యేళ్ళ కిందటి పండితులకి కూడా నా సమస్యే వచ్చిందని అప్పుడు తెలిసింది. మసీదులో నమాజుకి ముందు వరసల్లో మగవాళ్ళు, వెనక వరసల్లో ఆడవాళ్ళు నిలబడతారు. మరి అటూ ఇటూ కాని మనిషి వస్తే ఎక్కడ నిలబెట్టాలి? వాళ్ళూ ఒకరకంగా బెడ్ మేనేజర్లే. నేను నిజంగానే ఆత్రంగా అడిగాను.

"ఎక్కడ పెట్టారు టీచరు గారూ?"

"మగవాళ్ళ వెనక, ఆడవాళ్ళ ముందు. మధ్యలో వేరే వరస."

ఆ మాట అంటూనే నొప్పొచ్చి కళ్ళు మూసుకున్నారు. నాకు మాత్రం కళ్ళముందు మా సర్జికల్ వార్డు ప్లాను కనబడింది. ఎడమవైపు మగవాళ్ళు, కుడివైపు ఆడవాళ్ళు, రెండింటికీ నడుమ టీవీ గది. నడవగలిగిన పేషెంట్లు కూర్చుని స్నూకర్ చూసుకునే గది. దాని పక్కనే స్టాఫ్ బాత్రూం.

పరుగెత్తుకుంటూ పైకెళ్ళాను. మా వార్డు సిస్టరు పక్కా యార్క్‌షైర్ మనిషి. పేషెంటునీ, సర్జన్నీ, పోర్టర్నీ, ఒకసారి పొరపాటున మా చీఫ్ ఎగ్జిక్యూటివ్‌నీ కూడా 'లవ్' అనే పిలిచింది; వాళ్ళకది మన 'అమ్మా, నాయనా' లాంటి పిలుపు. విషయం చెబితే ఒక్క క్షణం ఆలోచించి, "సోఫాలు ఎవరు మోస్తారు, లవ్?" అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే. ఆక్సిజన్ సిలిండరు తెప్పించాం, పిలిచే గంట వైరు పక్క మంచాల దగ్గర్నుంచి లాగించాం, తలుపు అద్దానికి దుప్పటి కట్టాం. టీవీ గోడకి బిగించేసి ఉంది, దాన్ని కదల్చలేకపోయాం.

అనుకున్నట్టే మాట్రన్ ఫోన్ చేసింది. టీవీ గదిలో పేషెంటు ఎందుకున్నారో అర్థమయ్యేట్టు చెప్పమంది. సింగిల్ గదులు లేవు, ఇది తాత్కాలికంగా సింగిల్ గది అన్నాను. ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి తెచ్చారని అడిగింది. చాలా పాత గైడ్‌లైన్ అండీ, దాదాపు వెయ్యేళ్ళ నుంచీ ఉంది అన్నాను. తర్వాత ఆవిడ నెమ్మదిగా, "దాన్ని ఈమధ్య రివ్యూ చేశారా?" అని అడిగింది. పేషెంటు గారు ప్రస్తుతం అదే పనిలో ఉన్నారని చెప్పాను. ఫ్లూ తగ్గేదాకా కానిమ్మని ఫోన్ పెట్టేసింది. ఆవిడ నవ్విందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. వాపు మరీ ఎక్కువైనందువల్ల ట్యూబు పెట్టి కొన్నాళ్ళు ఉంచాలన్నారు. అప్పుడు మొదలైంది గొడవ. మగవాళ్ళ వైపు నుంచి హెర్నియా పేషెంటొకాయన, మా స్నూకర్ మాటేమిటని సిస్టరుని నిలదీశాడు. టీవీ కోసం రోగిని బయట పెట్టమంటావా అని ఆమె గట్టిగానే అడిగింది. ఆ మాటలు తలుపు లోపలికి వినబడ్డట్టున్నాయి, కుర్చీలు తెచ్చుకుంటే ఎవరైనా రావచ్చని టీచరు గారు లోపల్నుంచే చెప్పారు.

అంతే, రెండు వైపులనుంచీ జనం. మధ్యాహ్నం నేను రౌండుకి వెళ్తే మా వార్డులో అన్నిటికంటే రద్దీగా ఉన్న చోటు అదే. స్నూకర్ మీద ఎవరి దృష్టీ లేదు. టీచరు గారు పాత మదీనా నగరం కబుర్లు చెబుతున్నారు. అక్కడ ఆడవాళ్ళ హావభావాలతో తిరిగే మగవాళ్ళు ఉండేవాళ్ళట. బాగా పాడేవాళ్ళు, పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళు, ఇంటింటికీ వెళ్ళి నవ్వించేవాళ్ళు. అది పుట్టుకతో వచ్చిన స్వభావమైతే తప్పు పట్టకూడదని, కావాలని వేసిన వేషమైతే వేరే సంగతని పండితులు విడదీసి చెప్పారట. అప్పుడప్పుడూ పాలకులకి కోపమొచ్చి వాళ్ళని ఊరి బయటికి వెళ్ళగొట్టిన సంగతి కూడా టీచరు గారు దాచకుండా చెప్పారు. ఆ ముక్క చెప్పేటప్పుడు నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే హెల్త్‌కేర్ అసిస్టెంటు అమ్మాయి కొలతల జగ్గు పట్టుకుని, మూత్రం కొలవడానికి వచ్చింది. టీచరు గారికి మళ్ళీ ఉత్సాహమొచ్చింది. ఖున్సా ఆడా మగా అని తేల్చడానికి మూత్రం ఎటునుంచి వస్తుందో చూడమన్నారట పూర్వం. రెండు వైపులా వస్తే ఏది ముందో చూడాలి. రెండూ ఒకేసారి వస్తే? ఏది ఎక్కువో చూద్దామన్నాడట ఒక శిష్యుడు. దానికి గురువుగారు, మూత్రం తూకం వేసే న్యాయమూర్తిని ఎక్కడైనా చూశావా అని ఎగతాళి చేశాడట.

"ఆ గురువుగారిని ఇక్కడికి తీసుకొస్తే బాగుండు," అన్నారు టీచరు గారు జగ్గు వంక చూస్తూ. "గంటగంటకీ కొలిచి చార్టులో రాస్తున్నారు."

హెర్నియా ఆయన నవ్వలేక, కుట్లు పట్టుకుని మూలిగాడు. నా పేషెంట్ల కుట్లు ఊడగొడితే మళ్ళీ కారిడార్లో పడుకోబెడతానని సిస్టరు టీచరు గారిని బెదిరించింది.

అందరూ వెళ్ళిపోయాక నేను దిండ్లు సర్దుతూ, మీ పాతవాళ్ళు చాలా దయగలవాళ్ళలా ఉన్నారే అన్నాను. టీచరు గారు తల అడ్డంగా ఊపారు. దయ అని చెప్పలేమన్నారు. వాళ్ళకి ప్రతి మనిషికీ ఒక చోటు ఖాయం చేస్తే తప్ప నిద్ర పట్టదు. చచ్చిపోతే స్నానం ఎవరు చేయించాలి, హజ్ యాత్రలో ఏ బట్ట కట్టాలి, మగవాళ్ళకి కూడదన్న పట్టు కట్టొచ్చా, అన్నీ అడిగారు. ఎన్ని అడిగినా చివరికి దేవుడికి తెలుసు, మనకే తెలీదు అని ఒప్పుకున్నారు. టీచరు గారికి నచ్చింది ఆ ఒప్పుకోవడం.

"చిన్నప్పుడు నాలాంటి మనిషి లోకంలో ఇంకెవరూ లేరనుకున్నాను. అరవై దాటాక ఆ పుస్తకం తెరిస్తే, నాకు ఒక వరస ఉంది. ఆ రోజు లైబ్రరీలో కూర్చుని ఏడ్చినాను. కానీ ఒకటుంది చూడండమ్మా, ఆ వరసలో ఎప్పుడూ ఒక్క మనిషినే ఊహించుకున్నారు వాళ్ళు. పక్కన నిలబడే మనిషి గురించి ఒక్క వాక్యం రాయలేదు."

నేను దిండు ఇంకోసారి సర్దాను.

ఇంకో రెండు రోజులకి ప్రసూతి వార్డు నుంచి ఫోనొచ్చింది. ఒక తెలుగు జంట. అబ్బాయి మాస్టర్స్ చేస్తున్నాడు, గుంటూరు వైపు ముస్లింలు. వాళ్ళకి ఇంగ్లీషు బాగానే వచ్చు, ఇంటర్‌ప్రెటర్ అవసరం లేదు. కానీ ఇద్దరూ మాట్లాడ్డం మానేశారు, వాళ్ళ భాషలో ఎవరైనా కాసేపు కూర్చుంటే బాగుంటుందని మిడ్‌వైఫ్ అడిగింది. వాళ్ళు సరేనన్నారట. వెళ్ళాను.

కాన్పు ఆపరేషన్‌తో అయింది, బిడ్డ ఆరోగ్యంగా ఉంది. ఆడో మగో మాత్రం చూసి చెప్పలేని పుట్టుక. డాక్టర్లు మంచిగానే చెప్పారు. రక్తపరీక్షలు చేస్తాం, కొన్నాళ్ళు పడుతుంది, తొందరపడి ఏదీ తేల్చం, బిడ్డకేం ప్రమాదం లేదు అని. ఆ అమ్మాయి బిడ్డని గుండెకి హత్తుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఊళ్ళోంచి ఆ అమ్మాయి వాళ్ళమ్మ అదేపనిగా ఫోన్ చేస్తుంటే ఫోన్లు ఆపేశారు.

నేను వేడిగా టీ తెచ్చిచ్చాక ఆ అబ్బాయి నోరు విప్పాడు. "ఆంటీ, మా మతంలో ఇట్లాంటి బిడ్డకి చోటుంటుందా అసలు?" అన్నాడు. ఎవరిని అడగాలో తెలీదట. మసీదులో అడగడానికి సిగ్గట. బిడ్డ పుడితే అబ్బాయికి రెండు మేకల్ని, అమ్మాయికి ఒక మేకని కోసి అందరికీ పెడతారు కదా, దానిగ్గూడా నాకు జవాబు తెలీదంటూ ఏడ్చేశాడు.

ఒక మనిషి ఉన్నారు, వాళ్ళు ఒప్పుకుంటే తీసుకొస్తాను, మీకిష్టమేనా అని అడిగాను. ఆ అమ్మాయి గోడవైపు నుంచే తలూపింది.

పైకి వచ్చి టీచరు గారికి, పేర్లూ వివరాలూ ఏమీ లేకుండా, మీలాగే పుట్టిన బిడ్డ ఒకటుంది, తల్లిదండ్రులు మనవాళ్ళే అని మాత్రం చెప్పాను. మీకు ఇష్టం లేకపోతే వద్దన్నాను. ఎప్పుడూ ఏదో ఒక చతురు విసిరే మనిషి ఈసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత దువ్వెన అడిగారు. ఆసుపత్రి గౌను మీద తన నీలం స్వెట్టరు వేయించుకున్నారు. వీల్‌చెయిర్లో కూర్చోబెట్టి నేనే తోసుకుంటూ తీసుకెళ్ళాను. లిఫ్టులో అద్దం చూసుకుని, "నేను ఎట్లున్నాను?" అని అడిగారు. బాగున్నారన్నాను. "వాళ్ళు చూసే మొదటి మనిషిని గదా," అన్నారు.

గదిలోకి వెళ్ళగానే సలాం చెప్పి, తానెవరో, ఎలా పుట్టారో తిన్నగా చెప్పేశారు. అబ్బాయి అంకులనాలో ఆంటీ అనాలో తేలక నోరు తెరిచి నిలబడ్డాడు. టీచరు గారు గమనించి, నీకు ఏది నోటికొస్తే అది పిలువు బాబూ, మా స్కూలు పిల్లలు నన్ను ఇంకా ఘోరమైన పేర్లతో పిలిచేవాళ్ళు అన్నారు.

అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి ఇటు తిరిగింది. మేకల గురించి గానీ మసీదు గురించి గానీ అడగలేదు.

"మీరు పుట్టినప్పుడు మీ అమ్మ ఏడ్చిందా అండీ?"

"ఏడ్చిందమ్మా. ఏడ్చి, పాలిచ్చింది. పాలు ఆలస్యమైతే మాత్రం ఏడుపు నా వంతు."

ఆ అమ్మాయి పెదవులు కదిలాయి, నవ్వో ఏడుపో తెలీకుండా. టీచరు గారు వీల్‌చెయిర్ మంచం దగ్గరికి జరిపించుకుని, ఆమెతోనే మాట్లాడారు. పాత పండితులు మనలాంటివాళ్ళ గురించి ఎన్ని ప్రశ్నలు వేశారో చెప్పారు.

"ఎక్కడ నిలబడాలి, ఏం కట్టాలి, ఆస్తిలో ఎంత వాటా రావాలి, అన్నీ అడిగినారు. ఈ మనిషిని లోపలికి రానియ్యాల్నా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. లోపల ఉన్నాం గాబట్టే గదమ్మా ఎక్కడ నిలబెట్టాలని కొట్లాడుకున్నారు."

అబ్బాయి కిటికీ దగ్గర్నుంచి వచ్చి మంచం చివర కూర్చున్నాడు. కాసేపాగి మేకల సంగతి అడిగాడు.

"దాని మీద గొడవుంది నాయనా. ఒక పండితుడు ఒకటి చాలన్నాడు, ఇంకొకాయన రెండు కోయాలన్నాడు. నన్నడిగితే రెండు కోసినా ఎవరికీ నష్టం లేదు, ఆ రెండో మేకకి తప్ప."

అబ్బాయి నవ్వాడు. పగలబడి కాదు, ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు. ఆ అమ్మాయి అతన్ని చూసి, ఫోన్ ఆన్ చెయ్యమంది.

ఆన్ చేసిన వెంటనే మోగింది. వీడియో కాల్. అతను ఫోన్ చేతిలో పట్టుకుని, ఎత్తడానికి ధైర్యం చాలక మా ఇద్దరి మొహాలూ చూశాడు. టీచరు గారు చెయ్యి చాపబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకున్నారు. చివరికి ఆ అమ్మాయే ఫోన్ లాక్కుని ఎత్తింది. అవతల నుంచి పెద్దావిడ గొంతు, ఊపిరి తిప్పుకోకుండా ఫోన్లెందుకు ఆపేశారు, ఎంత హడలిపోయానో తెలుసా, బాబా పాపా అని అడిగింది.

"బిడ్డమ్మా," అంది ఆ అమ్మాయి. "ఆడో మగో ఇంకా తెలీదంట, పరీక్షలు చేస్తున్నారు. కొన్నాళ్ళు పడుతుంది. బిడ్డకేం కాలేదు, బాగుంది. ముందు నువ్వు మొహం చూడు."

ఫోన్ తిప్పి బిడ్డ మొహానికి దగ్గరగా పెట్టింది. అవతల చప్పుడు ఆగిపోయింది. లైను పోయిందేమోనని అబ్బాయి వంగి చూశాడు. పోలేదు. పెద్దావిడ తెరకి కళ్ళద్దాలు ఆనించి చూస్తోంది. నేను ఎన్నో ఆపరేషన్ గదుల బయట నిలబడ్డాను గానీ, అంత భయంగా ఎప్పుడూ ఎదురుచూడలేదు. పక్కన టీచరు గారు వీల్‌చెయిర్ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"ముక్కు మాత్రం మీ నాన్నదే," అంది పెద్దావిడ చివరికి. "ఆ ముక్కు ఈ తరంలోనైనా వదులుతుందనుకున్నాను. ఏం చేస్తాం, స్వెట్టరేదీ, ఆ చలిదేశంలో బిడ్డని అట్లా వదిలేస్తారా, చెవులు కప్పు ముందు."

ఆ అమ్మాయి కుట్లు పట్టుకుని నవ్వుతూనే దుప్పటి లాగి బిడ్డ చెవులు కప్పింది.